కనుబొమ మీది గాటు

ఫోటో మేష్టారు బడిలో పాఠం చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఎదుటివాళ్ల ముఖాల్లో తప్పులు దిద్దుతాడు కాబట్టి వీధి ఆయనకు ఆ బిరుదిచ్చింది. ఆయన స్టూడియోలో అడుగుపెట్టిన మొటిమ ప్రాణాలతో బయటపడిన దాఖలా లేదు.

ఆయన కూతుర్ని అదే వీధి "జపాన్" అని పిలుస్తుంది. పై చదువు అక్కడే, ఉద్యోగమూ అక్కడేనని పట్టుబట్టి, ఒకప్పుడు ఫిల్ములు కడిగిన చీకటిగదిలో కూర్చుని ఆ భాష వల్లెవేస్తోంది. ఆమె ఆలోచన పొదుపైనదే. మహానగరాలు వద్దు, మారుమూల సర్కారు విశ్వవిద్యాలయం చాలు. ఫీజు మాఫీ అయితే తిండికీ అద్దెకూ సాయంత్రాలు ఏ దుకాణంలోనో పనిచేసుకుంటుంది. మాఫీ రాకపోతే జపాను గోడమీది పటంలోనే ఉంటుంది. ఆ మాఫీకి వయసు హద్దుంది; ఆమెకు ఈ ఏడే ఆఖరు.

దరఖాస్తుకు ఫోటో కావాలన్న రోజున మేష్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పట్టాభిషేకం జరిపించేవాడిలా కెమెరా వెనక నిలబడ్డాడు.

"నాన్నా, ఉన్నదున్నట్టు తియ్యి. నగిషీలు చెక్కకు."

"నా పని నాకు నేర్పకే తల్లీ. గడ్డం కొంచెం కిందికి."

ఆమె కుడి కనుబొమను చీల్చుతూ ఒక గాటుంది. చిన్నప్పుడు ఈ స్టూడియోలోనే లైటు స్టాండు మీద పడిన గుర్తు. కంప్యూటరు ముందు కూర్చోగానే మేష్టారి చెయ్యి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, ఆయన్ని అడక్కుండానే దాన్ని చెరిపేసింది. పని ఎంత బాగా కుదిరిందంటే ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. గడువు ముంచుకొచ్చిన హడావిడిలో అమ్మాయి ఆ ఫోటోను గోరంత సైజులో చూసి పంపేసింది.

పాస్‌పోర్టులో ఫోటో మాత్రం ఆ ఆఫీసువాళ్లు తీసింది. వాళ్లకు మేష్టారి కళాదృష్టి లేదు.

విశ్వవిద్యాలయం నుంచి జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. ఈ ముఖానికీ పాస్‌పోర్టులో ముఖానికీ పొంతన లేదట. ఫోటోకు మెరుగులు దిద్దిన దరఖాస్తులు పరిశీలించరట. గడువు కూడా ముగిసిందట.

మేష్టారు అసలు ఫోటో పంపించాడు. సంజాయిషీ రాయించాడు. చివరికి కూతుర్ని దుబాసీగా పెట్టుకుని ఫోన్లో మొరపెట్టుకున్నాడు.

"తప్పు నాది, పిల్లది కాదని చెప్పవే... ఏమంటున్నారు?"

"క్షమించమంటున్నారు నాన్నా."

"వాళ్లెందుకూ? అడగాల్సింది మనం కదా!"

"అడిగాను. వాళ్లూ అడుగుతున్నారు. అంతే."

ఫోను పెట్టేసి అమ్మాయి ఆ ఫోటోకేసి చాలాసేపు చూసింది. "బాగానే వచ్చింది. షోకేసులో పెట్టుకో నాన్నా" అంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో మేష్టారికి అంతుపట్టలేదు. అడిగే ధైర్యం లేక షోకేసులో పెట్టేశాడు.

మర్నాడే ఇనుప సామాన్ల కొట్టాయన కోడల్ని వెంటబెట్టుకుని దిగాడు.

"మేష్టారూ, అద్దంలో మన జపాన్ ఫోటో పెట్టారే, మా కోడలిదీ అచ్చం అలాగే రావాలి. అన్నట్టు, అమ్మాయి ప్రయాణం ఎప్పుడూ?"

చీకటిగదిలోంచి పాఠం వల్లెవేస్తున్న గొంతు వినబడుతూనే ఉంది. ఇంకా ఎందుకు చదువుతున్నావే అని అడగడానికి పొద్దున్నుంచీ ఆయనకు నోరు రాలేదు.

మేష్టారు కెమెరా వెనక్కి వెళ్లాడు.

"గడ్డం కొంచెం కిందికమ్మా" అన్నాడు.