సీమ డబ్బా, ఇంటి తునకలు

ఆదిలాబాద్‌ల నాకు ఇంగ్లీషు మాస్టరు కొలువు దొరికింది నాకు ఇంగ్లీషు వచ్చినందుకు కాదు, ఇంకెవ్వరికీ రానందుకు. నిజాం జమానాల మేమందరం ఉర్దూల చదువుకున్నోళ్లం. రాష్ట్రం మారినంక హెడ్‌మాస్టరు ఓ పొద్దున అందరినీ నిలబెట్టి, "ఇంగ్లీషు అచ్చరాలు తప్పులేకుండ రాసేటోళ్లు ఎవరు?" అని అడిగిండు. నేను చెయ్యి ఎత్తిన. అంతే, ఇంగ్లీషు మాస్టర్నైన.

చొప్పదండి దిక్కు పల్లె నుంచి మా ఇంటామెను తోలుకొచ్చి, జిన్నింగు మిల్లు ఎనుక రెండర్రల ఇల్లు కిరాయకు తీసుకున్న. ఉప్పు, పప్పు ఏది కావాలన్నా మూలమీది సేటు దుకాణానికే పోయేది. వానకాలం దగ్గర పడుతుంటే ఆ దుకాణంల దూలానికి ఎండు తునకలు దండలు దండలుగ యాలాడుతుండె. మేకమాంసాన్ని సన్నగ కోసి, ఉప్పు పసుపు పట్టించి, సేటు బేగం తన మిద్దెమీద ఎండబెట్టేది. వాగులు పొంగి తొవ్వలు బందయితే సగం ఊరికి అదే కూర.

ఓ ఎండకాలం ఆ దండల పక్కనే ఒక అద్దాల బీరువ వచ్చి కూసుంది. దాని నిండ ఎర్ర రేకు డబ్బాలు. మిల్లుకు బొంబాయి నుంచి వచ్చిన మేనేజరు ఇంగ్లండు సీమ మాంసం కావాలంటే సేటు తెప్పించిండు. డబ్బాలు దిగే వారానికి మేనేజరుకు బదిలీ అయ్యింది. మేనేజరు పోయిండు, డబ్బాలు మిగిలినయి.

"సార్, జర దీని మీద ఏం రాసుందో చదువుండ్రి," అని సేటు నన్ను పిలిచిండు. "లోపల గోష్త్ అంటుండ్రు. ఏం గోష్తో తెలువకుంటే ఎట్ల అమ్మాలె?"

దుకాణంల ఉన్న నలుగురూ నా చుట్టు మూగిండ్రు. 'కార్న్‌డ్ మటన్' అని ఉంది. మటన్ అంటే అందరికీ ఎరుకే. కార్న్ అంటే మక్కజొన్న అని అంతకు ముందు వారమే బళ్లె చెప్పి ఉంటి.

"మక్కలు మేపిన మేక," అన్న ధీమాగ.

"మేకలకు మక్కలు పెడ్తరా!" అన్నడు పత్తిబండి తోలే ముసలాయన. "మా ఇంట్ల మనుషులకే దొరుకుతలేవు."

"మీరు తిని చూసిండ్రా సేట్?" అని అడిగిన.

"తౌబా! ఎవరు కోసిండ్రో, ఎట్ల కోసిండ్రో. హలాల్ కాకుంటే మేం ముట్టం."

"మరి మేం తినొచ్చా?"

"మేక అని మీరే చెప్పిండ్రు గద సార్!"

ఆనాటి సంది సేటు అందరికీ నా మాటే చెప్పుకుంట అమ్మజూసిండు. జనం వచ్చి, డబ్బాను చేతుల పట్టుకొని, అటు ఇటు తిప్పి, మళ్ల బీరువల పెట్టి, తునకలు కట్టించుకొని పోయేది.

ఇంతల మా బడికి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తుండని తెలిసింది. హెడ్‌మాస్టరు పరేషాన్ అయ్యిండు.

"ఆయన కోస్తా మనిషి. పెద్దపెద్దోళ్ల నడుమ తిన్నోడు. మన ఎండు తునకలు పెడితే ఇజ్జత్ పోతది. సీమ మటనే పెట్టాలె. మక్కల సంగతి నీకు తెలుసు గాబట్టి భోజనం మీ ఇంట్లనే."

తనిఖీనాడు పొద్దుగాల మా ఇంటామె డబ్బాను కొడవలి మొనతోని పొడిచి, రాయితోని కొట్టి, ఎట్లనో తెరిచింది. తెల్లటి కొవ్వు కప్పిన గులాబిరంగు ముద్ద జారి పడ్డది. మసాల పెట్టి పొయ్యిమీదికి ఎక్కిస్తే నిమిషంల కరిగి గంజైంది.

"ఏమయ్య, గిది కూర కాదు. గోడకు పూసే గార," అన్నది.

నేను సేటు దుకాణానికి ఉరికిన. సంగతి విన్నడో లేదో సేటు స్టూలెక్కి దూలానికున్న ఒక దండ తెంపిండు. లోపలి పరద ఎనుక నుంచి బేగం గొంతు వినొచ్చింది. "నానబెట్టే యాళ్ల లేదు. నిప్పులమీద కాల్చి, రోట్లె దంచి, పుల్లటి పుంటికూరల వెయ్యమనుండ్రి."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు జొన్నరొట్టెతోని మూడుసార్లు పెట్టించుకొని తిన్నడు.

"ఎంత బావుందండీ! అదే మరి సీమవాళ్ల గొప్పతనం. మాంసం నిలవ చెయ్యడం మనవాళ్లకేం తెలుసు?"

"అవును సార్," అన్నడు హెడ్‌మాస్టరు. "మక్కలు మేపుతరట."

"మక్కలేమిటి?"

హెడ్‌మాస్టరు నా దిక్కు చూసిండు. ఖాళీ డబ్బా తెప్పించిండ్రు. ఇన్‌స్పెక్టరు చదివి, విరగబడి నవ్విండు. "కార్న్‌డ్ అంటే ఉప్పులో ఊరవేసింది. ఇక్కడ ఇంగ్లీషు చెప్పేది మీరేనా?"

నేను ఎంగిలి చేతితోనే లేచి నిలబడ్డ. అప్పుడే మా ఇంటామె తలుపు కాడికొచ్చి, "ఉప్పు పెట్టి ఊరేసుడు మా సేటు బేగంకు గుడ తెలుసు సార్," అన్నది. హెడ్‌మాస్టరు గట్టిగ దగ్గి, "అమ్మా, జర మజ్జిగ తీసుకరా!" అని మాట తప్పించిండు.

తనిఖీ పుస్తకంల ఇన్‌స్పెక్టరు రాసిపోయిన మాట ఇది: 'ఇంగ్లీషు ఉపాధ్యాయునికి ఇంగ్లీషు చాలదు. మర్యాద తెలిసినవాడు.' డబ్బా మీది మాటకు నేను తప్పు అర్థం చెప్పిన సంగతి మర్నాడు బళ్లె పిల్లల ముందు ఒప్పుకున్న. కరీంనగర్ పోయినప్పుడు ఒక నిఘంటువు కొనుక్కొచ్చుకొని, రోజుకో పేజీ చదువుడు మొదలుపెట్టిన. సిగ్గు చదివించినంతగ ఏ గురువూ చదివించలే.

ఊర్లె మాత్రం ఇంకో కథ నడిచింది. ఇన్‌స్పెక్టరు మూడుసార్లు పెట్టించుకున్నడని హెడ్‌మాస్టరు చాటింపు ఏసినంత పనిచేసిండు. కంట్రాక్టర్లు, తాసిల్ల గుమస్తాలు సేటు బీరువకు ఎగబడ్డరు. ఇంటికి పోయి తెరిస్తే అదే గంజి. వాళ్ల ఆడోళ్లు ఒక్కొక్కరే మా ఇంటికొచ్చి, "నువ్వెట్ల వండినవ్ చెల్లే?" అని అడుగుడు.

మా ఇంటామెకు అబద్ధం రాదు. "డబ్బల ఉన్నది పిల్లికి పెట్టుండ్రి. సేటు కాడ తునకలు తెచ్చి దంచుండ్రి," అని చెప్పేది.

ఆ ఆడోళ్లు నోట్ల కొంగు పెట్టుకొని నవ్వి, గట్లనే చేసిండ్రు. మొగోళ్లకు ఒక్కరు గుడ చెప్పలే. ఊరి పెద్దమనుషులందరు బేగం తునకలు తినుకుంట సీమ రుచిని మెచ్చుకున్నరు. డబ్బాలు ఒడిసినయి, దండలు ఒడిసినయి. సేటు మళ్ల డబ్బాలు తెప్పించిండు, దండలు కట్టించిండు. బేగం ఒక్కతితోని పని సాగకపోతే మా ఇంటామె పొద్దుగాల పోయి మిద్దెమీద తునకలు కోసేది. ఒకామెకు ఉర్దూ, ఒకామెకు తెలుగు. ఏం మాట్లాడుకున్నరో గని, కొత్త చోట దిగులుతోని ఏడ్చిన మనిషి ఆ మిద్దెమీంచి నవ్వుకుంట దిగుడు నేను చూసిన.

మరుసటేడు ఇన్‌స్పెక్టరు మళ్ల వచ్చిండు. ఈసారి మోసం వద్దని నేను, మా ఇంటామె అనుకున్నం. రెండు గిన్నెలు పెట్టి, "ఇది సీమది సార్, ఇది మనది," అని చేయి పెట్టి చూపించిన. ఆయన సీమది ఒక్క ముద్ద నోట్ల పెట్టుకొని పక్కకు జరిపిండు. మన తునకల గిన్నె ఊడ్చి తిన్నడు. చెయ్యి కడుక్కొని, తుడుసుకుంట అన్నడు:

"మన దేశీ సరుకూ ఫర్వాలేదు మాస్టారూ. కానీ పోయినేడు మీ ఇంట్లో తిన్న ఆ సీమ మటన్ ముందు దిగదుడుపే. ఈ డబ్బాలే కల్తీ అయిపోయాయి!"