గంగామణి విన్న టేకాఫ్

ఉద్యోగం నుంచి దిగిపోవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను శంషాబాద్‌లో మా విమాన సంస్థ భద్రతా విభాగానికి మార్చారు. అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఇంజన్ల మరమ్మతులో ఉన్నాను. కొత్త హోదా పేరు దర్యాప్తు ఇంజనీరు. విమానంలో ఏదైనా అసాధారణం జరిగితే కాగితాలు, కొలతలు, మనుషుల మాటలు కలిపి చూసి కారణం రాయడం నా పని. పైలట్లకు శిక్ష వేసే అధికారం మాకు లేదు. కానీ మేం రాసిన దాన్ని బట్టే ఆ అధికారం ఉన్నవాళ్లు నిర్ణయం తీసుకుంటారు.

చేరిన మూడో వారంలో ఈ సంగతి జరిగింది. ఉదయం ముంబయికి బయలుదేరిన విమానాన్ని కెప్టెన్ రన్‌వే మీదే ఆపేశారు. ఆమెకు పదకొండేళ్ల అనుభవం ఉంది. వేగం అందుకుంటుండగా ఎడమవైపు నుంచి గట్టిగా పేలినట్టు వినిపించిందని, అందుకే టేకాఫ్ విరమించానని రాసిచ్చారు. ఒక వేగం దాటాక ఆపడం ప్రమాదకరం. ఆమె దానికి లోపలే ఆపారు. ఎవరికీ దెబ్బ తగలలేదు.

చిక్కు తర్వాత వచ్చింది. ఎడమ ఇంజన్ లోపలికి సన్నని కెమెరా పంపి చూస్తే లోపల తిరిగే రెక్కలన్నీ బాగున్నాయి. టైర్లు బాగున్నాయి. పక్షి తగిలిన ఆనవాలు లేదు. కొలతలు నమోదు చేసే రికార్డర్‌లో అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. కాక్‌పిట్ శబ్దాలను దాచే పెట్టె చివరి రెండు గంటలే ఉంచుకుంటుంది. విమానం ఆగాక దానికి విద్యుత్తు తీయడం ఎవరికీ గుర్తు లేకపోవడంతో ఆ శబ్దం చెరిగిపోయింది. కో-పైలట్ ఏదో వినిపించిందన్నాడు, ఏమిటో చెప్పలేకపోయాడు. కెప్టెన్‌ను విచారణ ముగిసేదాకా విధుల నుంచి తప్పించారు. నేను ముసాయిదా నివేదికలో ‘లోపం కనబడలేదు, పొరపాటుగా విని ఉండవచ్చు’ అని రాశాను. అది సంతకానికి వెళ్తే విమానం మళ్లీ ఎగురుతుంది, కెప్టెన్ చాలాకాలం పని లేకుండా ఇంట్లో కూర్చుంటారు.

సంతకానికి ముందు క్యాబిన్ సిబ్బంది నివేదిక మరోసారి చదివాను. ఎనిమిదో వరుస ఎడమ కిటికీ ప్రయాణికుడు టేకాఫ్ సమయంలో ఫోన్‌తో వీడియో తీస్తున్నాడని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వరుస ఎడమ ఇంజన్‌కు కాస్త ముందు ఉంటుంది. ప్రయాణికుడి పేరు సాయిలు, ఊరు ఎల్లారెడ్డి. గల్ఫ్‌లో ఏసీ గొట్టాలు బిగించే పని. ముంబయిలో ఎక్కాల్సిన విమానం తప్పిపోవడంతో, కొత్త టికెట్టు వచ్చేదాకా ఇంటికి వెళ్లాడు. మా కార్యాలయం ఫోన్ చేస్తే ‘నా తాన ఏం లేదు’ అని పెట్టేశాడట. నాది కామారెడ్డి కాబట్టి నన్నే వెళ్లమన్నారు.

మరునాడు పొద్దున బయలుదేరి, భిక్నూర్ దగ్గర చాయ్ తాగి, కామారెడ్డిలో అన్న ఇంటి ముందు నుంచే ఆగకుండా ఎల్లారెడ్డి రోడ్డు పట్టాను. పదకొండు గంటలకు వాళ్ల ఇంటికి చేరాను. సాయిలుకు నలభై అయిదు ఉంటాయి. వాకిట్లో సూట్‌కేసు తాళం బాగుచేసుకుంటున్నాడు. అరుగు మీద అతని భార్య గంగామణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

నేనెవరో, విమానంలో ఎయిర్ హోస్టెస్ ఏం చూసి రాసిందో చెప్పగానే సాయిలు లేచి నిలబడ్డాడు.

“గసొంటిదేం లేదు సారు. ఫోను బంద్ జేసి జేబుల వెట్టుకున్న. గామెకు కండ్లు సక్కగ కనవడలేదేమో.”

కెప్టెన్ సంగతి చెప్పాను. అతను నేల చూస్తూ అన్నాడు: “మీరు రాస్కొని పోతరు సారు. రేపు నా పేరు ఎక్కడ్నో ఎక్కితది, టికెట్టు క్యాన్సల్ అయితది. ఇంకో ఎనిమిది దినాలల్ల నేను అక్కడ దిగకుంటే వీసా పోతది. పదేండ్ల సంది చేస్తున్న పని.”

అతని భయం అబద్ధం కాదు. ఆ టికెట్టు గురించి మాట ఇవ్వడం నా చేతిలో లేదు, ఆ మాటే చెప్పాను. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచి తీసిన వీడియో నేరం కాదని మాత్రం రాసివ్వగలను, నివేదికలో పేరు లేకుండా సీటు నంబరు మాత్రమే వేయగలను అని కూడా అన్నాను. అతను మళ్లీ కూర్చుని సూట్‌కేసు తాళం అందుకున్నాడు. నేను కాగితాలు సర్దుకున్నాను.

గంగామణి కత్తెర పక్కన పెట్టింది.

“ఉన్నది సారు. నా ఫోన్ల ఉన్నది, ఆయననే పంపిండు.”

సాయిలు ఆమె వైపు కోపంగా చూశాడు. ఆమె ఆగలేదు. “ఏందట్ల చూస్తవ్? గామె ఆపకపోతే నువ్వేడుందువు? సారు రాసిస్తనంటుండు గద.”

చివరికి సాయిలే తాళం కింద పెట్టి లోపలికి వెళ్లి ఆమె ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు.

అందులో పదకొండు టేకాఫ్‌లు ఉన్నాయి. విమానం లేచేటప్పటి చప్పుడంటే సాయిలుకు ప్రాణమట. మొదటిసారి ఎక్కినప్పుడు భయంతో కళ్లు మూసుకున్నాడు. వీపు సీటుకు అతుక్కుని, కింద చక్రాల గడగడ ఒక్కసారిగా ఆగిపోయేసరికి నవ్వొచ్చిందని చెప్పాడు. అప్పటినుంచి ప్రతిసారీ కిటికీ సీటే అడుగుతాడు, రికార్డు చేసి భార్యకు పంపుతాడు. ఆమె విమానం ఎన్నడూ ఎక్కలేదు. బీడీలు చుడుతూ అవి వింటుంది.

వాటిలో చివరిదైన ముంబయి విమానం వీడియో పెట్టి, నేను బొమ్మ చూస్తున్నాను. ఇంజన్ మూతి, రన్‌వే అంచు తప్ప ఏమీ లేవు. చప్పుడు మామూలుగా పెరిగి, ‘టప్’మని, తర్వాత బ్రేకుల మోత. పేలుడు నిజమేనని తేలింది. నాకు అంతవరకే కావాలి. ఫోన్ పక్కన పెట్టబోతుంటే గంగామణి అంది:

“టప్‌మన్న కాడ కాదు సారు, దానికి ముంగట వినుండ్రి. కడమవన్నీ ఎక్కుకుంట ఎక్కుకుంట సాపుగ పోతయ్. గిది నడుమల గొంతు వట్టుకపోయినట్టు గరగర అంటది. రొండు మూడు సార్లు అన్నంక టప్‌మన్నది.”

మరోసారి పెట్టాను. నాకు వినిపించలేదు. ఆమె పాత టేకాఫ్ ఒకటి పెట్టి, వెంటనే దీన్ని పెట్టింది. అప్పుడు విన్నాను. పైలట్ మొదట ఇంజన్లను సగం బలానికి తెచ్చి, రెండూ సమానమయ్యాక పూర్తి బలానికి పెంచుతాడు. ఆ పెరుగుదలలో రంపం కోసినట్టు ఒక ధ్వని వస్తుంది. ఇంజన్ మూతిలో ఉండే పెద్ద పంకా రెక్కల కొనలు శబ్దం కన్నా వేగంగా తిరగడం వల్ల వచ్చేది అదే. సాయిలుకు ఇష్టమైనదీ అదే. ఈ రికార్డులో ఆ ధ్వని కింద సన్నని వణుకు ఉంది. ఇరవై ఆరేళ్లు ఇంజన్ల మధ్య గడిపిన నేను దాన్ని దాటిపోయాను.

ఫైలును కేబుల్‌తో నకలు తీసుకున్నాను. ఫోన్ గడియారం ఎంత తేడా చూపుతోందో రాసుకున్నాను. సాయిలు వాంగ్మూలం తెలుగులో రాసి చదివి వినిపించి సంతకం తీసుకున్నాను. గంగామణి చెప్పింది కూడా విడిగా రాశాను. తను విమానంలోనే లేదు కదా, తన సంతకం ఎందుకని అడిగింది. విన్నది మీరే కదా అన్నాను.

ప్రయోగశాలలో శబ్దాన్ని గీతలుగా విడదీస్తే, పేలుడుకు ముందు మూడు సెకన్లలోపు మూడుసార్లు వణుకు కనబడింది. ఒక్కోటి అర సెకను కూడా లేదు. రికార్డర్ ఇంజన్ కొలతలను సెకనుకు ఒకసారే తీసుకుంటుంది కాబట్టి అవి మధ్యలో జారిపోయాయి. ఇంజన్‌ను మళ్లీ విప్పించాం. లోపలికి వెళ్లే గాలిని సరిచేసే పలకలను తిప్పే ఒక మీట అరిగి, వేగం పెరిగేటప్పుడు బిగుసుకుపోతోంది; లోపల గాలి తడబడి ముందు ఆ వణుకు, తర్వాత ఆ పేలుడు వచ్చాయి. నిశ్చలంగా ఉన్నప్పుడు కెమెరాకు అది బాగున్నట్టే కనిపిస్తుంది. అదే ఇంజన్ గాల్లో ఆ పని చేసి ఉంటే పరిస్థితి వేరు.

నా ముసాయిదాను రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాను. తొందరపడి అభిప్రాయం రాసినందుకు నా సర్వీసు దస్త్రంలో ఒక మందలింపు చేరింది. అది సబబే. కెప్టెన్ ఆ వారమే విధుల్లో చేరారు. నాతో ఆమె మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. సాయిలు వీసా గడువుకు రెండు రోజుల ముందు గల్ఫ్‌లో దిగాడు. దిగాక గంగామణికి పన్నెండో టేకాఫ్ పంపానని, అది సాపుగానే ఉందని ఆమె చెప్పిందని నాకు ఫోన్ చేశాడు.

మిగిలిన రెండేళ్లలో ప్రతి విచారణలోనూ రికార్డర్ తెరవకముందే ప్రయాణికులతో మాట్లాడాను. ఎక్కువసార్లు ఏమీ దొరకలేదు, ఆ మాట కూడా నివేదికలో రాశాను. యంత్రంలో నమోదు కానిది జరగలేదని మాత్రం మళ్లీ ఎప్పుడూ రాయలేదు.