తడి పడుగు, పచ్చి బొక్క

మొన్నటి ఎండకాలంల ఒకనాడు పొద్దున, కోరుట్లల మా కొడుకు ఇంట్ల చింతపండుల గింజలు తీసుకుంట కూసున్న నాకు, కోడలు వచ్చి ఫోను కండ్ల ముందర పెట్టింది. జగిత్యాలల ఇచ్చిన నా బిడ్డ పంపిన ఎక్స్‌రే బొమ్మ అది. నల్లటి దాంట్ల తెల్లగ ఒక చిన్న చెయ్యి. నా బిడ్డకు ఒక్కతే ఆడపిల్ల, ఒకటో తరగతి చదువుతది; బడిల జారుడుబండ మీదికెల్లి పడి కుడి మోచేతి బొక్క, అదే ఎముక, ఇరగ్గొట్టుకున్నదట, దవాఖానల పిండికట్టు వేసి ఇంటికి పంపిండ్రట. అయ్యో అనుకునే లోపలనే ఆ బొమ్మ కింద నా వియ్యపురాలి గొంతు వినబడ్డది. ఇప్పటోళ్లు రాసే పని లేకుండ ఫోన్ల మాట్లాడి పంపుతున్నరు గదా, గట్ల.

"వదినా, ఒక్కతాన్నే చిట్లిందని డాక్టరు అంటండు గని నువ్వే చూడు, మోచేతికాడ బొక్క ముక్కలు ముక్కలున్నది. ఆయనకేం ఎరుక. గోదావరి ఒడ్డు దిక్కు ఒకాయన మంచిగ కట్టు కడతడట. పిండికట్టు తీపిచ్చేద్దాం. పొద్దుగాల పొద్దుగాల గోరువెచ్చగ నూనె రాసి సాగదీస్తే చెయ్యి సాపుగ వస్తది."

నూనె అన్న మాట చెవుల పడంగనే నాకు ఒళ్లు మండిపోయింది. చేతుల ఉన్న చింతపండు గంపలకు ఇసిరికొట్టి, పెట్టెల ఉన్న రెండు చీరెలు సంచిల కుక్కుకొని, కోడలు ఛాయ్ తాగి పొమ్మన్నా వినకుండ బస్టాండుకు పోయిన. బస్సుల కిటికీ పక్కన కూసున్నంత సేపు పండ్లు కొరుక్కుంటనే ఉన్న. నా పక్కన కూసున్న ఆమె, నేను ఎవలతోనో కొట్లాటకు పోతున్న అనుకొని కొద్దిగ జరిగి కూసున్నది. ఆమె అనుకున్నది నిజమే.

నా ఈడు వాళ్లు, అందులనూ సిరిసిల్ల బజార్లల పెరిగినోళ్లు, తడి పడుగు అంటే ఏందో మరిచిపోయి ఉండరు. మా బాపు మగ్గం నేసేటోడు. సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఇంక మా వాడకు రాని కాలం అది. పొద్దు పొడవక ముందే బజారు పొడుగునా కట్టెలు పాతి, వాటి మీద పడుగు దారపు పోగులు సాగదీసి పరిచి, గంజి పట్టిచ్చి, బాపు ఒకదిక్కు మా అవ్వ ఒకదిక్కు నిలబడి కుంచెతోని మెల్లగ దువ్వుకుంట పోయేటోళ్లు. ఉత్త దారం మెత్తగుంటది, మగ్గం మీద ఆగది, తెగుతది; గంజి పట్టి ఆరినంక దానికి నడుము నిలబడతది. అయితే ఆరేదాక దాని జోలికి పోవద్దు. తడిగున్నప్పుడు ఒక చెయ్యి తాకినా, ఒక మేక మూతి పెట్టినా, పోగు పోగు అతుక్కొని ఆ ముడత అట్లనే గట్టిపడి ఉండిపోతది, మళ్ల ఎన్ని నీళ్లు చల్లినా రాదు. "తడి ఉన్నది, ముట్టకుండ్రి" అని బాపు కేక వేస్తే బజారు బజారంత ఒదిగి నడిచేది. పెండ్లి పిలగాడు వచ్చినా పక్క సందు తిరిగి పోవలసిందే. నేను ఒక్కసారి వేలు పెట్టి చూసినందుకు పడ్డ దెబ్బ నాకింకా యాదికున్నది, ఆ దెబ్బ మీద నాకేం కోపం లేదు.

నా చెల్లె ఆ పడుగును కాపాడబోయే పడ్డది. అరుగు మీదికెల్లి దుంకబోయి, కింద తడి పడుగు ఉన్నదని నడుమ యాదికొచ్చి, వెనకకు ఒరిగి, బండ మీద కుడిచెయ్యి ఆనిచ్చి పడ్డది. అప్పటికి దానికి పాలపండ్లు కూడ ఊడలేదు. బాపు మగ్గం ఇడిసి దాన్ని సైకిలు మీద కూసోపెట్టుకొని సర్కారు దవాఖానకు తోలుకపోయిండు. అక్కడ పిండికట్టు వేసిండ్రు, మేం చెప్పేదాక తియ్యొద్దన్నరు. బాపు సరే అని వచ్చిండు. ఆ రోజుకు అంత మంచిగనే జరిగింది.

ఆ తర్వాత ఇంటికి చూడవచ్చేటోళ్లు మొదలైండ్రు. వచ్చినోళ్లు వచ్చినట్టు ఉండక ఒక్కొక్కలు ఒక్కొక్క మాట అనుకుంట పోయిండ్రు. లోపల చెయ్యి ఎండిపోతదని ఒకామె, గాలి తగలక బొక్క కుళ్లుతదని ఇంకొకామె. చెల్లెకు కట్టు లోపల దురద పెట్టేది, అది ఏడ్చేది. మా మేనత్త, అంటే మా బాపును తల్లి లెక్క సాదిన పెద్దక్క, ఆ ఏడుపు చూడలేకపోయింది. ఒక పొద్దు మా బాపు నూలు తేవడానికి పోయినప్పుడు, బకెట్ల గోరువెచ్చని నీళ్లు పోసి, చెల్లె చెయ్యి నానబెట్టి, కత్తెరతోని ఆ కట్టు కోసి తీసేసింది. బాపు వచ్చి చూసి నోరు తెరిచిండు గని, సాదిన అక్కను ఏమంటడు.

ఇగ మరునాటి నుంచి మాలీసు. నువ్వుల నూనెల ఎల్లిగడ్డ, వాము వేసి కాగబెట్టి, ఎండపొడల చెల్లెను ఒళ్లో కూసోపెట్టుకొని, మోచెయ్యి పట్టుకొని రుద్దుడు, సాగదీసుడు. చెల్లె ఒర్రితే వాడ చివర దాక వినబడేది. మా ఇంట్ల కూరల పోపుకు చెంచడు నూనె వెయ్యడానికి అవ్వ ముందు వెనక చూసేది, అసొంటిది గిన్నెకు గిన్నె నూనె ఆ చేతి మీద పోసిండ్రు. ఇంకొక మాట కూడ చెప్పాలె. మేనత్త రుద్దుకుంట ఏడ్చేది. చెల్లె నొప్పికి ఏడిస్తే ఈమె జాలికి ఏడ్చేది, ఏడ్చుకుంటనే ఇంక గట్టిగ రుద్దేది. ఆమె చెడ్డది అయి ఉంటే నా కోపం ఎప్పుడో చల్లారేది కావొచ్చు. ప్రేమతోని పాడుచేసినోళ్లను తిట్టడానికి మనిషికి నోరు రాదు, ఆ తిట్టు లోపలనే పుండు లెక్క ఉండిపోతది.

మా చెల్లె మోచెయ్యి సగం మడిచిన కాడ నిలబడిపోయింది. అటు సాపు కాదు, ఇటు నోటికి అందది. ఎన్ని సీసాల నూనె అయిపోయినా అది కదలలేదు, ముట్టుకుంటే తలుపు చెక్క లెక్క ఉండేది. పెద్దగైనంక నాతోని కలిసి బీడీలు చెయ్య కూసున్నది. చేట ఒళ్లో పెట్టుకుంటే ఆ వంపు సరిగ్గ సరిపోయిందని మా మేనత్త ఒకనాడు సంబరపడ్డది. ఆ సంబరం నేను ఈ వయసుకు కూడ మాఫ్ చెయ్యలేదు.

తిండి ఎడమచేత్తోనే. ఇంట్ల అయితే ఎవలం ఏమనకపోతుమి. ఒక పెండ్లిల బంతిల కూసున్నప్పుడు మాత్రం, మాకు దగ్గరి చుట్టమే, ఒక పెద్దమనిషి దాని ఆకును జరిపి, ఎడమచెయ్యి దాన్ని నా పక్కన కూసోపెడతరా అన్నడు. చెల్లె మెల్లగ లేచి పోయింది. ఆ నాటి నుంచి అది ఎవల శుభకార్యానికి పోయినా అందరు తిన్నంక వంటకాడ గోడ దిక్కు తిరిగి ఇంత తిని వచ్చుడే. జడ నేను అల్లేదాన్ని. నాకు పెండ్లయి కోరుట్లకు వచ్చినంక అల్లేటోళ్లు లేక, అది ఎములాడ రాజన్నకు మొక్కున్నదని చెప్పి తల వెంట్రుకలు ఇచ్చుకొని వచ్చింది. జుట్టు పెరిగినప్పుడల్లా ఒక మొక్కు. సిరిసిల్లలనే దాన్ని ఇచ్చిన అత్తగారి వాడల అందరు దాన్ని పెద్ద భక్తురాలు అనుకున్నరు. రాజన్నకైతే ఎరుకే ఉంటది.

జగిత్యాలల దిగి బిడ్డ ఇంటికి పోయేసరికి, నేను అనుకున్నట్టే, వియ్యపురాలు పొయ్యి కాడ నిలబడి, పక్కన సీసా పెట్టుకొని నూనె కాగబెడుతున్నది. ఎల్లిగడ్డ, వాము, అవే. అల్లుడు చదువుకున్నోడే గని తల్లి మాటకు, డాక్టరు మాటకు నడుమ నిలబడి తల గోక్కుంటండు. ముందుగాల డాక్టరును నేను అడుగుత, అప్పటిదాక పిల్లను ముట్టుకోవద్దు అన్న.

"మూడో తరగతి చదివి నువ్వేం అడుగుతవు వదినా," అన్నది వియ్యపురాలు.

"పది చదివి నువ్వు సీసా పట్టుకున్నవు, మూడు చదివి నేను అడిగే నోరు పట్టుకున్న. పోనీ," అన్న.

దవాఖానకు పోతే, ఆ డాక్టరు నా కొడుకు కన్న చిన్న పిలగాడు. బొమ్మను వెలుగుకు పెట్టి ఓపికగ చెప్పిండు. ఆ ముక్కలు ముక్కలుగ కనబడేటివి ఇరిగినయి కావట. చిన్నపిల్లలకు మోచేతి కాడ బొక్క ఇంక మొత్తం రాదట. మెత్తటి బొక్కే ఉంటదట, అది ఈ ఫోటోల పడదట, అందుకే నడుమ నడుమ ఖాళీలు. ఎదిగినకొద్ది ఒక్కొక్క తావున గట్టిబడుకుంట వచ్చి, ఈడు నిండినంక అన్ని కలిసి ఒక్క బొక్క అయితయట. చెయ్యి పొడుగు పెరిగేది కూడ ఆ కొసలకాడి మెత్తటి తావులనే అన్నడు. నాకు పాయ కడిగిన రోజులు యాదికొచ్చినయి. లేత మేకకాళ్ల కొసలకు తెల్లగ, పండ్లకు కర్రుకర్రుమనే మెత్తబొక్క ఉంటది, ముసలి మేకకు అది ఉండది. ఇన్నేండ్లు కడిగిన గని అది మేక పెరిగే తావు అని అనుకోలే.

బొక్క అంటే రాయి కాదమ్మా, దానికి పానమున్నది అన్నడు. పైన గట్టిగ, లోపల తేనెపట్టు లెక్క జాలీ జాలీగ, నడుమ మూలుగ, ఆ మూలుగల రక్తం పుడతదట. బొక్క లోపల సన్నని దారాల అల్లిక ఉంటదట, ఆ అల్లికకు సున్నం పట్టుకుంటే గట్టిపడతదట. ఇరిగినకాడ ముందు రక్తం గడ్డ కట్టి, మెత్తటి గుజ్జు తయారై, దానికి మెల్లమెల్లగ సున్నం పట్టి గట్టిబడి, ఆ తర్వాత ఎక్కువైనదాన్ని ఒళ్లే చెక్కుకొని మళ్ల పాత తీరుగ చేసుకుంటదట. ఆ పని నడుస్తున్నప్పుడు మోచెయ్యిని రుద్దితే, సాగదీస్తే, లోపలి కండ చిరిగి, బొక్క ఉండకూడని కాడ కొత్త బొక్క పుట్టి కీలును పట్టేస్తదట.

దారానికి సున్నం పట్టుడు అంటే గంజి పట్టుడే గదా. ఆరేదాక ముట్టొద్దు అంటే మా బాపు కేకనే గదా. బజారుల పరిచిన పడుగుకు మేక అడ్డమొస్తే కట్టె తీసుకొని ఉరికినోళ్లు, కన్నబిడ్డ వేలు పెడితే చెంప పగలగొట్టినోళ్లు, సొంత ఇంట్ల, సొంత పిల్ల ఒంట్ల పరిచిన తడి పడుగును పొద్దు పొద్దున కూసోపెట్టుకొని నలిపిండ్రు. దారం ఇలువ తెలిసింది, పిల్ల ఇలువ తెలియలేదు అందామంటే అట్ల కూడ కాదు, దాని మీద పానాలు పెట్టుకున్నరు. దవాఖానల వాళ్లు కూడ ఎందుకు తియ్యొద్దో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే, గంజి సంగతి మా బాపుకు చెప్పాల్నా.

ఇంటికి వచ్చి డాక్టరు చెప్పింది చెప్పిన. వియ్యపురాలు విన్నది గని సీసా పొయ్యి గట్టు మీదనే ఉంచింది, రేపు చూద్దాం అన్నది. రేపు చూద్దాం అంటే నేను కోరుట్ల బస్సు ఎక్కేదాక చూద్దాం అని. నేను ఫోన్ల చెల్లెను పిలిచిన, మనుమరాలు పడ్డది చూసిపో అన్న, ఇంక ఏం చెప్పలేదు. అది తెల్లారి సిరిసిల్ల నుంచి వచ్చింది.

పగటి బువ్వకు అందరం కింద కూసున్నం. చెల్లె అలవాటుగ గోడ దిక్కు తిరిగి, ఎడమచేత్తో కలుపుకున్నది. వియ్యపురాలు చూసింది, చూడనట్టు కూర వడ్డించింది. కుడిచేతికి పిండికట్టు ఉన్నదాయె, మనుమరాలు కూడ ఎడమచేత్తోనే మెతుకులు పారబోసుకుంట తింటున్నది. అది చెల్లె దిక్కు చూసి, జరిగి జరిగి దాని పక్కకు పోయి కూసున్నది.

"చిన్నమ్మమ్మా, నీకు గూడ పిండికట్టు ఉండెనా?"

"ఉండె బిడ్డా," అన్నది చెల్లె. "జెల్ది తీసేసిండ్రు, గంతే."

వియ్యపురాలి చేతుల గంటె ఆగిపోయింది. తిన్నంక ఆమె ఆ సీసా లోపలికి తీసుకపోయింది. తెల్లారి పప్పుల ఎల్లిగడ్డ, వాము వాసన వచ్చింది. మంచి నూనె పారబొయ్యద్దని పోపు వేసింది అన్నమాట. ఆమె మీద నాకు కొద్దిగ గౌరవం కలిగింది అక్కడనే.

పిండికట్టు దవాఖానలనే, వాళ్లు చెప్పిన నాడే తీసిండ్రు. చెయ్యి మొదట బిగుసుకొని ఉంటే మళ్ల అందరికి దాన్ని లాగాలని చేతులు దురదపెట్టినయి. ఎవలు లాగొద్దు, దాని ఆట అదే ఆడుకుంటది అన్నడు డాక్టరు. ఆడుకున్నది. మొన్న సెలవులకు కోరుట్ల వచ్చినప్పుడు, చెల్లె కూడ వచ్చి ఉన్నది, పిల్ల కుడిచేత్తో ముద్ద చేసుకొని, ఫోన్ల ఏదో చూసుకుంట, తన చెయ్యి నోటికి అందిందన్న సోయి కూడ లేకుండ తిన్నది. చెల్లె తినుడు ఆపి చూసింది. నేను దానికి ఏదో అనబోతే, ఇప్పుడెందుకక్కా ఆ ముచ్చట అన్నది. దానికి కోపం లేదు. దాని వంతు కూడ నేనే పడుతున్న.

ఈ మధ్య సిరిసిల్లకు పోయినప్పుడు మా పాత బజారుల నిలబడ్డ. ఆటోలు, బండ్లు; ఎక్కన్నో సాంచెల చప్పుడు. పడుగు పరిచే జాగల ఎవలో కారు పెట్టుకున్నరు. బాపు లేడు, మేనత్త లేదు, కొట్లాడుదామంటే ఎదురుగ ఒక్కరు లేరు. ఒదిగి నడవడానికి తడి పడుగు లేని బజారుల, ఎందుకో నేను మాత్రం అరుగుల అంచు పట్టుకొని ఒదిగే నడిచిన.