కొండచిలువ కొలువు

మా ముత్తాతగారు పన్నెండు ఊళ్లకు దొర. ఏనుగెక్కి తప్ప పొరుగూరు వెళ్లి ఎరగరు. మా తాతగారి కాలానికి ఏనుగు పోయి గుర్రపు బగ్గీ మిగిలింది. అయినా కలెక్టరుగారు ఆ వైపు వస్తే మా ఇంట్లోనే బస. మా నాన్నగారి కాలానికి బగ్గీ కూడా పోయింది గానీ, బగ్గీ తోలేవాడు మాత్రం ఉండేవాడు. తోలడానికి ఏమీ లేకపోయినా తలపాగా చుట్టుకుని రోజూ వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఆ నాన్నగారికి నేను ఒక్కతే సంతానాన్ని. అంటే పెద్దింటి వారసత్వం, అందులో మిగిలిందేమన్నా ఉంటే, నాది. ఎవరూ అడగకుండా ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నిన్న మా కాండోలో, అంటే మా అపార్ట్‌మెంట్లలో, లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే, చేతిలో కూరగాయల సంచీతో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆంటీ, యూ ఆర్ ద స్నేక్ హౌస్, ఈజిట్?" అని అడిగింది. పన్నెండు ఊళ్లవారి మునిమనవరాలికి సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో దక్కిన ఇంటిపేరు అది.

ఆవిడని అని ఏం లాభం? లిఫ్టు పక్కన కొత్తగా నోటీసు పెట్టారు. పాము బొమ్మ, దానిమీద ఎర్రగా అడ్డగీత, కింద నాలుగు భాషల్లో హెచ్చరిక. తెలుగు లేదు, అయినా భావం నాకు బాగానే అర్థమైంది: కాండోలో పాముల్ని పెంచరాదు. నా ఒళ్లు మండింది ఆ 'పెంచరాదు' దగ్గరే. పెంచడమేమిటి? పెంచుకునేవి కుక్కపిల్లలు, చిలకలు. మా ఇంట్లో కొండచిలువని ఎవరూ పెంచలేదు. అది కొలువులో ఉండేది.

మా ఊళ్లో మా ధాన్యపు కొట్లు వరసగా ఉండేవట. పంట రోజుల్లో గాదెలు నిండేవి, గాదెలతో పాటు పందికొక్కులూ దిగేవి. వాటిని కాసే పని కొండచిలువది. ఒకటి పోతే కొన్నాళ్లకి ఇంకొకటి కనబడేది. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ ఆరా తీసేవారు కాదు. గొలుసు లేదు, బుట్ట లేదు. దసరానాడు మాత్రం ఒక కోడి ఇచ్చేవారు, మిగతా నౌకర్లకి కొత్త బట్టలు ఇచ్చినట్టు. లెక్కలు చూడ్డానికి పట్నం నుంచి వచ్చిన ఒక ఉద్యోగి, చీకట్లో దాన్ని చుట్టచుట్టిన మోకు అనుకుని కూర్చోబోయి, ఆ ఏడు లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని గుమ్మంలో నిలబడే సంతకం పెట్టాడని చెప్పుకునేవారు. కొట్లోకి ఎవరు వెళ్లినా తలుపు దగ్గర ఆగి, దగ్గి, తమ పేరు చెప్పి మరీ లోపలికి వెళ్లాలి. అది మర్యాద. ఇంకో మర్యాద కూడా ఉండేది. కొట్లోకి ఏది రావాలన్నా, కొట్లోంచి ఏది పోవాలన్నా పెద్దింటివారి నోటి మాట కావాలి. ఆ మాట అనే ముందు వాళ్లు చిన్నింటివారిని అడగాలి. నాకు మొదటి సగం బాగా గుర్తుంది. పెద్దింట్లో పుట్టినవాళ్లకి సాధారణంగా అంతవరకే గుర్తుంటుంది.

చిన్నింటివారంటే ఇప్పుడు మిగిలింది ఒక్కరే, మా బాబాయిగారు. నాన్నగారికి సొంత తమ్ముడు. కాలేజీ చదువు మధ్యలో ఆపేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి సింగపూర్ వచ్చారు. ఎందుకు వెళ్లారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే నాన్నగారు కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయేవారు. ఇక్కడ ఓడలు కట్టే యార్డులో సామాన్ల గుమస్తాగా చేరి, అదే యార్డులో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నేను ఉద్యోగానికి వచ్చినప్పుడు నాకు చోటిచ్చింది ఆయనే. ఇప్పుడు ఆయన, నేను, యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి, ముగ్గురం కింది అంతస్తు ఫ్లాటులో అద్దెకి ఉంటున్నాం. నేను రోజూ సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసుకి వెళ్లి ఇతరుల ఖర్చులు సరిచూసి వస్తాను. బాబాయిగారు ఎనభై దాటినా వెన్ను వంచలేదు. ఉదయం పంచె ఇస్త్రీ చేసుకుంటారు, సాయంత్రం వీణ వాయిస్తారు. మా ఫ్లాటు వెనక చిన్న పెరడు, పెరటి గోడ అవతల వాననీటి పెద్ద కాలువ.

కిందటేడు వానల్లో చెత్తగది నుంచి ఎలుకలు బలిసి మా పెరట్లోకి వచ్చేవి. బట్టల మిషను వైరు కొరికేశాయి. కాండో కమిటీకి నేను ఎన్ని ఫిర్యాదులు పెట్టినా, "నోటెడ్, ఆంటీ" అని జవాబు వచ్చేది. ఒక వారం అవి ఉన్నట్టుండి మాయమయ్యాయి. ఆ శనివారం ఉదయం నేను కాఫీ కలుపుతూ ఉంటే, బాబాయిగారు పెరటి తలుపు దగ్గర నిలబడి దగ్గడం వినబడింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. తరవాత ఆయన తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పారు. కప్పు అక్కడే పెట్టి పరిగెత్తాను. పూలకుండీల వెనక, గోడ మూల, చుట్టిపెట్టిన మా అమ్మాయి యోగా చాపంత లావున ఒక కొండచిలువ చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది. నడుం దగ్గర ఉబ్బు. మా వైరు కొరికినవాళ్లెవరో అందులో ఉన్నారు.

భోజనాల దగ్గర బాబాయిగారు లేచి నిలబడ్డారు. నేను ఈ దేశం వచ్చినప్పటినుంచి నన్ను 'అమ్మడూ, నువ్వు' అన్న మనిషి ఆ రోజు చేతులు కట్టుకుని, "పెద్దింటివారు సెలవిస్తే, దాన్ని ఉంచుకుందాం. మీ మాట కావాలి" అన్నారు.

మా అమ్మాయి చెంచా కింద పడేసింది. "తాతయ్యా, ఉంచుకోవడమేంటి! ఇల్లీగల్. కెనాట్ లా!" అంది, ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే 'లా'తో సహా.

"పెంచుతాననలేదమ్మా. ఉండనిద్దామన్నాను."

"సేమ్ థింగ్ లా, తాతయ్యా. కోర్టుకి రమ్మంటారు."

"మీ ముత్తాతగారి దగ్గరికి కోర్టే నడిచి వచ్చేది."

"ఈసారి మీరే ట్రైన్‌లో వెళ్లాలి మరి."

నాకు నవ్వు రాలేదు. పిల్ల చెప్పింది నిజం. ఇక్కడి చట్టం ప్రకారం అది నేరం, పేరు ఎలా చెప్పుకున్నా సరే. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ పంచెతో, పాముని దాచినందుకు బోనులో నిలబడాలి. వద్దంటే, ఆయన జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక కాదన్నదాన్నవుతాను. రేపు చెబుతానన్నాను. కొలువులో పెద్దలు ఎప్పుడూ అనేది అదే మాట.

ఆలోచించుకోనిస్తే కదా! మర్నాడు మధ్యాహ్నం తలుపు కొట్టారు. మా పై అంతస్తులో ఉండే కుర్రాడు, వన్-నార్త్ అనే ఐటీ పేటలో ఉద్యోగం, రెసిడెంట్ల కమిటీలో ముఖ్యుడు. మనవాడే, హైదరాబాద్ వైపు. బాల్కనీ నుంచి ఫొటో తీసి, అందరూ ఉన్న గ్రూపులో పెట్టేశాకే నాకు చెప్పడానికి వచ్చాడు.

"నమస్తే ఆంటీ. గ్రూపుల ఫొటో చూసిండ్రా? అందరు పరేషాన్ అయితుండ్రు. రేపు పొద్దుగాల పట్టుకపోయేటోళ్లను పిలవాలె. మీరే ఫోన్ చేస్తే మంచిగుంటది, లేకుంటే నేను చేస్త."

"ఎలుకల గురించి నేను రాసినప్పుడు ఎవరూ పరేషాన్ అవలేదే, బాబూ?"

"అది నోటెడ్, ఆంటీ." అని, తిరిగి వెళ్లబోతూ నవ్వాడు. "ఏమనుకోకుండ్రి గానీ, అంకుల్‌కు నాగస్వరం ఊదుడు వస్తదా ఏంది?"

నాగస్వరం ఊదేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. అదొక విద్య, అది మాకు రాదు. కానీ పరాయివాళ్లు మనల్ని చూసి వేసే జోకుని, మనవాడే తెచ్చి మన గుమ్మంలో పెట్టడం ఉందే, అది నేను ఈ జన్మలో క్షమించను. "మా అంకుల్‌కి వీణ వచ్చు. వినాలనుంటే చెప్పులు విప్పి లోపలికి రండి" అన్నాను. అతను మెట్లెక్కేశాడు.

ఆ కోపంతోనే నిర్ణయం అయిపోయింది. ఉంచుతాను. కోర్టుకి నేనే వెళతాను, పట్టుచీర కట్టుకుని వెళతాను. పన్నెండు ఊళ్ల పేర్లూ అక్కడ చదువుతాను. సాయంత్రం పెరటి అద్దం తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయిగారి దగ్గరికి వెళ్లి, "నా మాట చెప్పేస్తున్నాను, వినండి" అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "చెప్పేముందు చిన్నింటివారిని అడగాలి."

"మీరే కదా ఉంచమన్నారు!"

"నేను మీ మాట అడిగాను. మీరు నా మాట అడగలేదు. అన్నయ్యగారూ అడగలేదు."

తరవాత ఆయన చెప్పింది, వాన వెలిసిన పెరటి వైపే చూస్తూ చెప్పారు. "కాలేజీ సెలవులకి వచ్చాను. కొట్టు తలుపు దగ్గర దగ్గి, పేరు చెప్పాను. లోపల పందికొక్కులు కిచకిచలాడుతున్నాయి. అప్పుడే తెలిసింది అది లేదని. రైలుస్టేషను వెనక సర్కసు గుడారం వేసి ఉంది. అన్నయ్యగారు దాన్ని వాళ్లకి అమ్మేశారు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను. ఒక పిల్ల దాన్ని మెడలో వేసుకుని దీపాల కింద నిలబడింది. జనం చప్పట్లు. నేను దగ్గాను. అది తల తిప్పలేదు." ఎవరి తరఫునో సర్దిచెబుతున్నట్టు, "ఆ చప్పట్లలో వినబడి ఉండదు" అన్నారు. "ఇంటికి రాలేదు. అట్నించటే ఓడరేవుకి వెళ్లిపోయాను."

అంతవరకు పై అంతస్తు కుర్రాడి మీద ఉన్న కోపం తిరిగి తిరిగి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. మా నాన్నగారు చేతిలో బెత్తంతో అరుగు మీద కూర్చుని, మాట తప్పని వంశమని నాతో ఎన్నిసార్లు చెప్పారు! కష్టం వచ్చింది, ఒప్పుకుంటాను. పొలం అమ్మేవాళ్లు ఉన్నారు, నగలు అమ్మేవాళ్లు ఉన్నారు. కొలువులో ఉన్నవాళ్లని అమ్మేవాళ్ల గురించి నేను వినలేదు. అదీ తమ్ముడు ఊళ్లో లేనప్పుడు. ఆయన బతికి ఉంటే ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగేదాన్ని. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

నేను బాబాయిగారి ముందు నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. "బాబాయిగారూ, పెద్దింటి తరఫున అడుగుతున్నాను. దీన్ని ఉంచుదామా, పంపుదామా? మీరు ఎలా అంటే అలా. వచ్చేదేదైనా నేను పడతాను."

కుండీల వెనక అది ఒక్కసారి చుట్ట సర్దుకుంది.

"ఈ మాట అప్పుడు అడిగి ఉంటే, అన్నయ్యగారి కాళ్లు పట్టుకునైనా ఉంచమనేవాణ్ణి" అన్నారు. "ఇప్పుడు పంపించెయ్యి అమ్మడూ. ఇది మనది కాదు. కాలవలోంచి వచ్చింది, ఎలక దొరికింది, తింది. మన పేర్లు దానికేం తెలుసు?"

ఉదయం ఫోన్ నేనే చేశాను. ఇద్దరు వచ్చారు, నెమ్మదస్తులు. సంచీలోకి ఎక్కించి, దూరంగా అడవిలో వదులుతామన్నారు. పై బాల్కనీల నిండా ఫోన్లు. బాబాయిగారు బయటికి రాలేదు. లోపల పంచెకి ఇస్త్రీ చేసుకుంటూ ఉన్నారు. కాలరూ చేతులూ లేని బట్టని ఆయన ఆ రోజు చేసినంతసేపు ఎవరూ ఇస్త్రీ చేసి ఉండరు. గ్రూపులో పై అంతస్తు కుర్రాడు నాకు పెద్ద ధన్యవాదం పెట్టాడు, పువ్వు బొమ్మతో. నేను జవాబు ఇవ్వలేదు, ఇవ్వను కూడా. నెల తిరక్కుండా ఎలుకలు తిరిగొచ్చాయి. కమిటీ నోట్ చేసుకుంది.

దాన్ని పంపిన సాయంత్రం నుంచి మా బాబాయిగారు నాన్నగారి గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఈత నేర్చుకున్నది, ఒకే గొడుగులో బడికి వెళ్లింది, అలాంటివి. నేను వింటాను. నా కోపం నాది, ఆయన జ్ఞాపకం ఆయనది. అరవై ఏళ్లు ఆలస్యంగా అడిగినా, అడగవలసినవాళ్లు అడిగితే, ఆ జవాబు అన్నాళ్లూ అక్కడే ఎదురుచూస్తూ ఉంటుందని మాత్రం నాకు తెలిసింది.

ఊళ్లో ఆ పాత కొండచిలువ సర్కసుకి వెళ్లిన మరుసటి ఏడు నాన్నగారు మా కొట్లు కూడా అమ్మేశారు. స్థలం ఒకరు కొన్నారు, పెంకులు ఇంకొకరు కొన్నారు.