ముసురులో చూపించిన ఇల్లు

మా వీధి చివర ఎవరో పాత ఇంటికి సున్నం వేయిస్తున్నారు. డ్రమ్ములో నీళ్ళు పోయగానే సున్నపు గడ్డలు బుసబుసమంటూ ఉడికాయి. ఆ వేడి ఆవిరి ముక్కుకు తగిలేసరికి కూరగాయల సంచితో రోడ్డు మీదే నిలబడిపోయాను. అందరూ రంగుల డబ్బాలే కొంటున్న ఈ రోజుల్లో ఆ వాసన తగిలి ఏళ్ళయింది. అది సోకగానే నాకు గుర్తుకొచ్చేది సత్తెమ్మ పెద్దమ్మే.

ఎనభైల మొదట్లో, నా పెళ్ళయిన కొత్తలో, నస్పూర్‌లో ఆమె ఇంటి ముందు అర్ర అద్దెకు తీసుకున్నాం. మా ఆయనది బొగ్గుబావిలో పని, కంపెనీ క్వార్టరు ఇంకా రాలేదు. పెద్దమ్మ, ఆమె భర్త నర్సయ్య పెద్దబాపు వెనక అర్రల్లో ఉండేవారు. ఆయనకు బజారులో సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన సైకిళ్ళను ఎంత బాగా చూసేవాడో నాకు తెలియదు కానీ, ఇంటిని పెద్దమ్మ చూసినట్టు చూసినవాళ్ళను మాత్రం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఎండాకాలం రాగానే కొంగు బిగించి నిచ్చెనెక్కేది. గూన పెంకులన్నీ తీసి, చెత్త దులిపి, పగిలినవాటి చోట కొత్తవి పేర్చేది. డ్రమ్ములో సున్నం ఉడికించి గోడలకు వేసేది. దూలాలకు, తలుపులకు కానుగ నూనె రాసేది. గోడ పగుళ్ళలో రావి మొలక తల ఎత్తితే వేరుతో సహా పెరికితే గానీ ఆమెకు అన్నం సయించేది కాదు. వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవారు.

"ఏందే సత్తెమ్మా, ఇంటికి పెండ్లి చూపులా?" అని ఆటపట్టించేవారు.

"అయితే అయితయి తియ్యుండ్రి," అనేది నిచ్చెన మీది నుంచే.

ఒకసారి నేనూ ఉండబట్టలేక అడిగాను. ఎందుకు పెద్దమ్మా, ఉండేది ఇద్దరే కదా, ఇంత చాకిరీ అవసరమా అని. ఆమె నూనె గుడ్డ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నా మెడల బంగారం ఉన్నదా బిడ్డా? పొలం ఉన్నదా? రేపు ఏమన్నయితె అమ్ముకునేది గీ ఇల్లొక్కటే. దీన్ని పాడువెట్టుకుంటె అప్పుడు ఎవలు కొంటరు?" అంది. ఉంటున్న ఇంటిని అమ్మకం కోసం చూసుకోవడమేమిటని అప్పుడు నాకు వింతగా అనిపించింది.

మరుసటి ఏడే ఆ రోజు వచ్చింది. పెద్దబాపు కొట్టులోనే కుప్పకూలాడు. గుండెకు ఆపరేషన్ చేయాలి, హైదరాబాదు తీసుకుపోవాలి, దసరా దాకా ఆగితే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. పెద్దమ్మ ఒక్క పూట ఏడ్చింది. మర్నాడు ఇల్లు అమ్ముతున్నామని నలుగురికీ చెప్పింది.

ఊళ్ళో సంగతి తెలిసినవాళ్ళంతా వచ్చారు, సగం ధరకు అడిగారు. "పాత గూన ఇల్లు, ముసుర్ల కారుతది. మీ గరజు మీకున్నది గదా," అని ఆమె అవసరాన్ని ఎత్తిచూపుతూ ఒకాయన మొహం మీదే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం నిమ్మళంగా, "కారుతదో లేదో ముసురు వట్టినంక వచ్చి సూడుండ్రి," అంది. అమ్మే ఇంటిని వానలో చూపించేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఎండలో చూపించి, సున్నం తళతళలు చూపించి బయటపడాలి గానీ! లోపల పెద్దబాపు ఆయాసపడుతుంటే ఈమె వాన కోసం ఎదురుచూస్తోంది.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడో నాడు కూడా తెరపివ్వలేదు. ఇచ్చోడ నుంచి వచ్చిన పత్తి వ్యాపారి ఒకాయన తడిసిన గొడుగుతో గడపలో నిలబడ్డాడు. పెద్దమ్మ ఆయనను నడుమ అర్రలో కూర్చోబెట్టి చాయ ఇచ్చింది. "ఫికర్ లేదు, నిమ్మళంగ సూడుండ్రి. పొద్దుందాక కూసుండ్రి," అంది. ఆయన తలెత్తి మూల మూలా చూశాడు. అరచేయి గోడకు ఆనించాడు. తలుపు లాగి వేశాడు. వానాకాలంలో ఊళ్ళో తలుపులన్నీ ఉబ్బి మొరాయిస్తుంటే అది చప్పుడు లేకుండా పడింది. బయట ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తోంది, లోపల నేల మీద ఒక్క చుక్క లేదు. ఏడాదికి ఏడాది ఆమె చేసిన పనంతా ఆ పొడి నేల మీద కనిపిస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పెద్దమ్మ ఆయనను వంటింట్లోకి తీసుకుపోయి, బియ్యం గుమ్మి పక్కకు జరిపింది. "గీడ చెమ్మ వస్తది. ఎంత జేసినా తక్కువైతలేదు. మీకు తెల్వాలె గదా," అంది. అయిపోయింది, పెద్దబాపు ప్రాణం ఈమె నోటితోనే పోయింది అనుకున్నాను.

వ్యాపారి ఆ నల్లటి మరక వైపు, ఆమె వైపు చూశాడు. "మీరు జెప్పకుంటె నాకు కనవడకపోవు గదమ్మా?"

"రేపు మీ ఇంటామె గీడ వండుకుంటది. రోజు నన్ను తిట్టుకోదా?"

ఆయన పకపకా నవ్వాడు. తరువాత, "గిది జెప్పినవంటె ఇంక దాసింది ఏం లేనట్టె. నువ్వు చెప్పిన ధరే ఇస్త," అన్నాడు. బేరం ఆడలేదు. ఆయన గొడుగు వీధి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ గడపలోనే నిలబడి, అప్పుడు దర్వాజకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె అంత భయపడిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆపరేషన్ అయి పెద్దబాపు నడుచుకుంటూ తిరిగొచ్చాడు. అదే వాడలో రెండు అర్రలు కిరాయికి తీసుకున్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు డాక్టర్లను పొగిడితే ఆయన వినేవాడు కాదు. "డాక్టర్లది ఏమున్నది? మా సత్తెమ్మ ఎక్కిన నిచ్చెన నన్ను బతికిచ్చింది," అనేవాడు. పెద్దమ్మ సిగ్గుపడి, "చాలు తియ్," అని లోపలికి పోయేది.

ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా మనుషుల మొహాల కంటే ముందు నా చూపు పైకప్పు మీదికి పోతుంది. మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఏదో ఒక రోజు ఎవరి ప్రాణం ఆ కప్పు మీద ఆధారపడుతుందో ఎవరికి తెలుసు?