చావింట్లో రెండో చరణం

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పెంచలయ్య మైక్‌సెట్ తెలియని ఇల్లు లేదు. పెళ్లికి ఏ పాట, చావుకు ఏ పాట అని ఆయన ఎవరినీ అడగడు. పనిలేని మధ్యాహ్నాల్లో ఆయన కొట్టు ముందు కూర్చుని పాటలు వినడం నాకు అలవాటు. ఈ సంగతి అక్కడే చెప్పినాడు, తల ఎత్తకుండా, వైరుకు టేపు చుడుతూ.

రైతు మునస్వామికి పడవ గురించిన ఒక పాత సినిమా పాటంటే ప్రాణం. ఏ పెళ్లిలో కనిపించినా, “పెంచలా, నా పడవ ఎక్కించప్పా” అనేవాడు. అందుకే ఆయన పోయిన రోజు, శవాన్ని పందిట్లో పడుకోబెట్టగానే పెంచలయ్య ఆ పాటే వేసినాడు. మొదటి చరణానికి ఆడవాళ్లు గొల్లుమన్నారు. రెండో చరణం ఎత్తుకోగానే వాళ్లలోంచే కిసుక్కున నవ్వు వినిపించింది. వెంటనే పిల్లలు పకపకలాడినారు. పాడె కడుతున్నవాళ్లు కూడా నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

మునస్వామి తమ్ముడు సుబ్బన్న పరుగున వచ్చి వైరు పీకేసినాడు. “మా అన్న పీనుగ నీకు ఆటగా ఉండాదా? ఎత్తుకో నీ పెట్టెలు!”

ఎందుకు నవ్వినారో పెంచలయ్యకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి అడిగితే భార్య పంకజాక్షి నెత్తి కొట్టుకుంది.

“ఆ పాటను ఇప్పుడు టీవీ సీరియల్లో వాడుకుంటా ఉండారు కదయ్యా! చుక్కల్లో పోయే ఓడలో ఒక మరమనిషి ఉంటాడు. చార్జింగ్ అయిపోతే కట్టెమాదిరి పడిపోతాడు. ఆ పాట ఏస్తారు. రెండో చరణానికి టక్కున లేసి కూసోని, ‘టిఫినేంది?’ అంటాడు. ఊరంతా సూసేదే.”

“సాయంత్రమైతే నేను ఎవురో ఒకరి పందిట్లో ఉంటా. యాడ సూసేది?”

తర్వాత ఆమె ఫోన్‌లో ఆ భాగాలన్నీ ఓపిగ్గా చూసినాడు. “మరమనిషికే పానం పోస్తాదంటే ఎంత మంచి పాటప్పా! నేనే ఏయగూడని చోట ఏసినా,” అన్నాడు నాతో.

పల్లెల్లో మాట పాకింది. చావింట్లో నవ్వించిన మైక్‌సెట్ మాకొద్దన్నారు. మాట్లాడుకున్న పెళ్లిళ్లు తిరుపతి డీజేలకు పోయినాయి. పెద్దకర్మకు పోకపోతే కావాలనే చేసినాడంటారని, పోయి పంక్తి చివర కూర్చున్నాడు. సుబ్బన్న సాంబారు వడ్డిస్తూ వచ్చి ఆగినాడు.

“ఏమప్పా, రెండో చరణం రాకముందే తినేసి లేస్తావా?”

పంక్తి అంతా నవ్వింది. పెంచలయ్య చేయి విస్తరి మీదే ఉండిపోయింది.

అప్పుడు లోపలి గడప దగ్గర మునస్వామి భార్య చంద్రకాంతమ్మ గొంతు వినిపించింది. “సుబ్బన్నా, ఆయప్పను ఏమీ అనొద్దు. ఆ పొద్దు మొదట నవ్వింది నేను.”

“వదినా...”

“చెప్పనీ. టీవీలో ఆ పాట వస్తే మీ అన్న మంచం మీద కట్టెమాదిరి పడుకునేటోడు. రెండో చరణానికి లేసి, ‘టిఫినేందే?’ అనేటోడు. ఆ పొద్దూ లేస్తాడేమో అనిపించింది. నవ్వొచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకున్నా, ఆగలేదు. నన్ను సూసే పిల్లోళ్లు నవ్వినారు.”

ఎవరూ ఆమె వైపు చూడలేదు. కాసేపటికి గడప దగ్గర ఆమె లేదు.

పెంచలయ్యకు పోయిన పనులు తిరిగొచ్చినాయి. సుబ్బన్నే వచ్చి కూతురి పెళ్లికి మైక్‌సెట్ చెప్పిపోయినాడు. కానీ పెంచలయ్య ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసినాడు. చుట్టు తిరిగి చెరుకుతోట వెనక బాటన పోతాడు.

“మొగుడు పోయిన ఆడమనిషి, నా కోసం అంతమందిలో ఆ మాట చెప్పుకునింది. నన్నే చెడ్డోణ్ణి చేసి వదిలేసుంటే సరిపోయేది కదప్పా. ఆయమ్మ మొగం ఎట్ల సూసేది?” అన్నాడు.

ఆ పాట ఒక్కసారి వినిపించమన్నాను. కాదనలేదు. మొదటి చరణం దాకా వినిపించినాడు. రెండోది మొదలయ్యేలోగా మీట తిప్పేసి, మళ్లీ వైరూ టేపూ అందుకున్నాడు.