మైకులో సదివించిన పరిహారం

మలేసియాలో హుటాన్ మెలింటాంగ్ బస్టాండు కాడ వడలమ్మే ఎర్రమ్మ కోపం సంగతి నదిలో సేపలకి కూడా తెలుసు. సొంత తమ్ముడు తాతబాబు రోజూ తన కొత్త కారు తెచ్చి ఆమె బండికి అడ్డంగా పెడతన్నాడని, ఓ పొద్దు వడలు తీసే ఇనప గరిటెతో ఆ కారు అద్దం పగలేసినాది. ముక్కలు బస్సు టాపు మీద దాకా ఎగిరిపడ్డాయి. తాతబాబు అక్కని ఒక్క మాట అడక్కుండా తిన్నగా పోలీసుల కాడికి ఎల్లినాడు.

కోర్టు ఆమెని జైల్లో ఎయ్యలేదు. రెండేళ్లు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని, ఆర్నెల్లలో తమ్ముడికి మూడు వేల రింగిట్లు పరిహారం కట్టమన్నాది. "కౌంటర్లో కట్టి రసీదు తీసుకో. కట్టకపోతే జైలే లా," అని గుమస్తా మాట సివర ఆ దేశపోళ్ల 'లా' తగిలించి వందసార్లు సెప్పినాడు.

ఎర్రమ్మ ఐదు నెలలు పొయ్యి ముందు మాడి ఆ డబ్బు కూడబెట్టినాది. అప్పుడే తాతబాబు కూతురు రుబిని పెళ్లొచ్చినాది. తాతబాబే అక్కకి ఫోన్ సేసినాడు.

"అప్పా, కౌంటరెందుకు లా? పెళ్లిలో నా సేతికిచ్చెయ్, అయిపోతాది."

సేతికిస్తే ఊరేటంటాది? ఎర్రమ్మ దండగ కట్టినాదంటాది. మేనత్తగా ఆ మాట పడతాదేటి? అందుకే కవరు తీసుకెళ్లి సదివింపుల బల్ల మీద పెట్టినాది. సదివింపులు రాసే కుగన్ మైకు పట్టి, "పెళ్లికూతురి మేనత్త ఎర్రమ్మ, మూడు వేల రింగిట్లు సదివింపు," అని అరిసినాడు. హాలంతా నోరెళ్లబెట్టినాది. ఇంకోసారి సదవమని ఎర్రమ్మే సైగ సేసినాది. ఆ రేత్రి ఆమె నడిసిన నడక రాణి కూడా నడవదు.

రెండు నెలలకి కోర్టు పిలుపొచ్చినాది, పరిహారం కట్టలేదని.

ఎర్రమ్మ బెదరలేదు. పెళ్లినాటి సీరే కట్టుకుని, పెళ్లి వీడియో ఫోనులో ఎట్టుకుని ఎల్లినాది. మేజిస్ట్రేటమ్మ ముందు వీడియో ఆడించినాది. కుగన్ గొంతు కోర్టు గోడలదిరేలా రెండుసార్లు వినబడినాది. దుబాసీ కళైవాణి దాన్ని మలాయిలో రెండుసార్లు సెప్పినాది: మేనత్త, పెళ్లి కానుక.

"ఇది నీ పరిహారమేనా?" అని తాతబాబుని అడిగినారు.

"కాదండి. మా అప్ప పేమతో నా కూతురికి ఇచ్చినాది. సదివింపుల పుస్తకంలో రాసుంది."

"నా ముకం సూసి సెప్పరా," అన్నాది ఎర్రమ్మ.

తాతబాబు నేల సూసినాడు. "నువ్వే గదప్పా రెండుసార్లు సదివించినావు."

నెల గడువిచ్చినారు. మళ్లీ మూడు వేలు, కౌంటర్లో. లేకపోతే జైలు.

బయట మెట్ల కాడ తాతబాబు ఎనకే వచ్చినాడు. "బాధపడకప్పా. సదివింపు ఎక్కడికి పోతాది? మీ ఇంట్లో ఏ కార్యమైనా తిరిగి సదివించేస్తాను."

ఎర్రమ్మ మొగుడు పోయి పదకొండేళ్లు. బిడ్డలు లేరు. సెవి దిద్దుల మర తిప్పతా తమ్ముడి కేసి సూసినాది.

"నా ఇంట్లో ఇంక ఒక్క కార్యమే మిగిలింది," అన్నాది. "దానికి మైకు పెట్టరు."

దిద్దులు కొంగున కట్టుకుని, తాకట్టు కొట్టు కేసి నడిసినాది.